ఇయర్ 10 హిస్టరీ: పాత పరీక్ష పేపర్లు ఒక్కటీ కలవడం లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్

స్లౌ అమ్మ:
మధ్యాహ్నం నుంచి ఇదే పని, తల పగిలిపోతోంది. మా వాడు ఇయర్ 10 (ఇంగ్లండ్‌లో 14-15 ఏళ్ల పిల్లల క్లాసు), వచ్చే వారం హిస్టరీ మాక్ పరీక్ష. జీసీఎస్ఈ (ఇక్కడ పదహారేళ్లకు రాసే పబ్లిక్ పరీక్ష) పాత పేపర్లు నెట్‌లో వెతికి ప్రింట్ తీసి ఇస్తే 'ఇవి మావి కావమ్మా' అంటాడు. వైద్యం చరిత్ర ఉంది, ఎలిజబెత్ రాణి ఉంది, జర్మనీ ఉంది, నీ పుస్తకంలో ఉన్నవే కదరా అంటే మాట్లాడడు. పైగా మొన్న టెస్టులో రెండు పేజీలు రాస్తే 12కి 6 వేశారు. తేదీలన్నీ కరెక్టే! అసలు ఎన్ని పేపర్లు, మార్కులు ఎలా వేస్తారు?

బర్మింగ్‌హామ్ బావ:
ఏ బోర్డు?

స్లౌ అమ్మ:
బోర్డు అంటే? మామూలు స్టేట్ స్కూలేనండి.

రిటైర్డ్ సోషల్ మాస్టారు:
అమ్మా, నేను గుంటూరు జిల్లాలో సోషల్ చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు మా అబ్బాయి దగ్గర మిల్టన్ కీన్స్‌లో ఉన్నాను. మనవరాలి పుస్తకం చూశాను. ఒకే యుద్ధం మీద రెండు అభిప్రాయాలిచ్చి ఎందుకు తేడాగా ఉన్నాయో చెప్పమంటారు! మా పిల్లలు పానిపట్టు యుద్ధాలంటే 1526, 1556, 1761 అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లు. పునాది లేకుండా అభిప్రాయాలేమిటి? రెండు వందల ఏళ్లు మనల్ని ఏలి, పాఠాల్లో ఇండియా ఊసే లేదు.

లీడ్స్ రమ:
మాస్టారూ, ఊసు లేకపోవడమేమీ లేదండి. బోర్డు అంటే పరీక్ష పెట్టే సంస్థ, ఏది కావాలో స్కూలే ఎంచుకుంటుంది. వాటిలో ఏక్యూఏ అనే బోర్డులో వలసలు, సామ్రాజ్యాల మీద ఒక ఆప్షన్ ఉంది, ఈస్ట్ ఇండియా కంపెనీ కూడా వస్తుంది. కాకపోతే ఏ ఆప్షన్ చెప్పాలో స్కూలు ఇష్టం. ఇక తేదీలంటారా, విషయ పరిజ్ఞానానికి మొత్తం మీద 35 శాతమే. కారణాలు, పర్యవసానాలు విడమరచి చెప్పడానికి ఇంకో 35. ఆధారాలకు 15, చరిత్రకారుల వ్యాఖ్యానాలకు 15. ఏ బోర్డయినా ఇదే లెక్క.

మాస్టారు:
35 శాతమా! అదేనమ్మా నా బాధ.

క్రాయిడన్ నాన్న:
కోర్స్‌వర్క్ (చివరి పరీక్ష కాకుండా పిల్లలు ముందే రాసిచ్చే పని) మార్కులు కూడా కలుస్తాయి కదా, అవి చూసుకోండి. మా పెద్దమ్మాయికి 25 శాతం ఉండేవి.

లీడ్స్ రమ:
అది పాత సిలబస్ అన్నయ్యా. 2016లో కొత్తది మొదలైంది, 2018 నుంచి పరీక్షలు. ఇప్పుడు అంతా రాత పరీక్షే.

క్రాయిడన్ నాన్న:
మా తమ్ముడి కొడుకు ప్రైవేటు స్కూల్లో ఇప్పుడు కూడా చేస్తున్నాడండీ, కళ్లారా చూశాను.

లీడ్స్ రమ:
అది ఐజీసీఎస్ఈ, అంటే జీసీఎస్ఈ లాంటి అంతర్జాతీయ పరీక్ష, అయి ఉంటుంది. దాని సంగతి వేరు. జీసీఎస్ఈ తర్వాత చదివే ఏ-లెవెల్ హిస్టరీలోనూ కోర్స్‌వర్క్ 20 శాతం ఉంది. ఈవిడ అడిగింది జీసీఎస్ఈ.

క్రాయిడన్ నాన్న:
సరే, పేరేదైతేనేం, ఇంట్లో చేసే పని ఇంట్లో చేసేదే.

బర్మింగ్‌హామ్ బావ:
స్లౌ అమ్మగారూ, పుస్తకంలో జర్మనీ ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా?

స్లౌ అమ్మ:
అట్ట మీద 1918–39 అని ఉంది. నేను తీసిన పేపర్లో 1890–1945. అది కూడా కలుస్తుంది కదా అనుకున్నాను.

బర్మింగ్‌హామ్ బావ:
మీ వాడిది ఎడెక్సెల్ బోర్డు. మీరు తీసింది ఏక్యూఏ.

లీడ్స్ రమ:
అవునక్కా, అదే తేడా. ఏక్యూఏలో రెండే పేపర్లు, సగం సగం. ఎడెక్సెల్‌లో మూడు: 30, 40, 30 శాతం. మీ వాడికి మొదటి దాంట్లో వైద్యం, దాంతోపాటే మొదటి ప్రపంచ యుద్ధం కందకాల్లో గాయాలు, చికిత్సలు. రెండో దాంట్లో ఎలిజబెత్ 1558–88, ఇంకో పాఠం. మూడోది జర్మనీ. ఎలిజబెత్ రెండు బోర్డుల్లోనూ ఉంది గానీ ఏక్యూఏ వాళ్లది 1568 నుంచి 1603, ప్రశ్నలడిగే తీరు కూడా వేరు.

ఆ 12 మార్కుల సంగతి: ప్రశ్న కింద రెండు పాయింట్లు ఇచ్చి, మీకు తెలిసింది కూడా వాడాలి అని రాసి ఉంటుంది. పిల్లలు ఆ రెండింటి మీదే పేజీలు నింపేస్తారు. సొంతంగా మూడో పాయింట్ లేకపోతే ఎంత రాసినా పై లెవెల్‌కి వెళ్లనివ్వరు. జరిగింది చెప్పుకుంటూ పోవడం కాదు, ఇందువల్ల అలా జరిగింది అని ప్రతి పేరాలో తేలాలి. టీచర్ ఏమైనా రాశారా?

స్లౌ అమ్మ:
'సొంత పాయింట్ ఏది?' అని ఎర్ర ఇంకుతో ఉంది. వాడు చూపించలేదు, ఇప్పుడే బ్యాగులో దొరికింది.

హౌన్‌స్లో కొత్త పెళ్లికూతురు:
ఇంత టెన్షన్ ఎందుకండీ, ఆప్షన్లలో జాగ్రఫీ తీసుకుంటే పోయేది.

బర్మింగ్‌హామ్ బావ:
ఇయర్ 10లోనా? సబ్జెక్టులు ఎంచుకోవడం ముందే అయిపోయింది కదా.

మాస్టారు:
చరిత్ర వదిలేయమనకండి ఎవరూ. రమమ్మా, జీసీఎస్ఈలో తెలుగు సబ్జెక్టుగా ఉందా? మనవరాలికి పెట్టిద్దామని.

లీడ్స్ రమ:
లేదండి. గుజరాతీ, పంజాబీ, బెంగాలీ, ఉర్దూ ఉన్నాయి.

మాస్టారు:
మనకెందుకు లేదు?

క్రాయిడన్ నాన్న:
మనవాళ్లు అడగరు కాబట్టి. దీని మీద వేరే పోస్టు పెట్టండి మాస్టారూ, చాలామంది వస్తారు.

స్లౌ అమ్మ:
ఎడెక్సెల్‌వి దొరికాయి, ప్రింట్ అవుతున్నాయి. థాంక్స్ అందరికీ. రెండో పేపర్లో ఆ 'ఇంకో పాఠం' కోల్డ్ వార్ అంట, దానికి మంచి పుస్తకం ఏదైనా ఉందా?