ఉబుంటు 24.04కు మారాక వోర్టా తెరుచుకోవడం లేదు

ప్రశ్న (ఆదోని)
నమస్కారం. నేను ఆదోనిలో ఒక పత్తి కమీషన్ దుకాణం లెక్కలు చూస్తాను. మా కంప్యూటర్‌ను ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ 22.04 వెర్షన్ నుంచి 24.04కు మార్చిన తరువాత, రోజూ బయటి హార్డ్ డిస్కులోకి బ్యాకప్ తీసే వోర్టా అనే ప్రోగ్రాం తెరుచుకోవడం లేదు. టెర్మినల్‌లో నడిపితే ఆ పేరుగల మాడ్యూల్ (ప్రోగ్రాం భాగం) దొరకలేదని చెప్పి ఆగిపోతోంది. అప్పట్లో దాన్ని పైథాన్ భాషా ప్రోగ్రాములను ఎక్కించే పనిముట్టైన పిప్‌తో ఎక్కించారు. రైతులకు ఇచ్చిన పట్టీల స్కాన్లన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి. డిస్కు చెరిపి మళ్లీ మొదలుపెట్టమని ఇక్కడ ఒకరు అంటున్నారు. కొత్త పత్తి వచ్చే రోజులు కావడంతో ఆందోళనగా ఉంది. పాత బ్యాకప్ నిలిచే మార్గం చెప్పగలరా?

జవాబు (కర్నూలు)
దయచేసి డిస్కు చెరపకండి. నిజానికి బ్యాకప్ తీసేది బోర్గ్ అనే ప్రోగ్రాం; వోర్టా దానికి పైన కనిపించే తెర మాత్రమే. కాబట్టి వోర్టా తెరుచుకోనంత మాత్రాన డిస్కులోని రిపాజిటరీకి (బ్యాకప్‌లన్నీ ఉండే ఫోల్డరుకు) హాని జరిగినట్టు కాదు. 22.04లో పైథాన్ 3.10 ఉండేది, 24.04లో 3.12 ఉంది. పిప్ ఎక్కించినవన్నీ మీ హోమ్‌లో 3.10 పేరుతో ఉన్న ఫోల్డరులోనే మిగిలిపోయాయి, కొత్త పైథాన్ అటు చూడదు. మళ్లీ పిప్‌తోనే ఎక్కించబోతే 24.04 ఒప్పుకోదు, బలవంతం చేసే ఐచ్ఛికం ఉన్నా వాడవద్దు, ఎందుకంటే సిస్టమ్ సొంత పనిముట్లు కూడా అదే పైథాన్ మీద ఆధారపడి ఉంటాయి. ముందుగా హోమ్‌లోని వోర్టా సెట్టింగుల ఫోల్డరును మరోచోటికి కాపీ చేసుకుని, ఉబుంటు సొంత పనిముట్టైన ఆప్ట్ ద్వారా వోర్టాను ఎక్కించండి. హోమ్‌లోని లోకల్ బిన్ ఫోల్డరులో ఉన్న పాత వోర్టా ఫైలు పేరు కూడా మార్చాలి. లేకపోతే టెర్మినల్ ముందుగా దాన్నే పట్టుకుని అదే దోషం చూపుతుంది.

జవాబు (అనంతపురం)
పై సలహా సరైనదే, కానీ వోర్టా తెరిచే ముందు బోర్గ్ సంగతి చూడాలి. 22.04తో వచ్చినది బోర్గ్ 1.2.0, 24.04తో వచ్చినది 1.2.8. మధ్యలో 2023లో విడుదలైన 1.2.5, ఒక భద్రతా లోపాన్ని సరిదిద్దుతూ, ప్రతి ఆర్కైవుకూ (ఒక్కోసారి తీసిన బ్యాకప్‌కూ) టామ్ అనే ప్రామాణీకరణ ముద్ర (మార్పు చేయని అసలుదేనని చూపే గుర్తు) ఉండాలన్న నియమం తెచ్చింది. మీ పాత ఆర్కైవులకు ఆ ముద్ర ఉండదు. అందువల్ల టెర్మినల్‌లో బోర్గ్‌తో ఆర్కైవుల జాబితా తీసి, అవన్నీ మీరు తీసినవేనని తేదీలతో సరిచూసుకుని, ఆ తరువాతే అప్‌గ్రేడ్ ఆదేశాన్ని ఆర్కైవ్స్ టామ్ ఐచ్ఛికంతో నడపండి. ఇది పూర్తయ్యేవరకు చెక్ (రిపాజిటరీని సరిచూసే) ఆదేశం నడపవద్దని బోర్గ్ విడుదల నోట్సు స్పష్టంగా హెచ్చరిస్తున్నాయి. వోర్టా కొన్ని వారాలకోసారి తనంతట తానే ఈ చెక్ చేసే ఏర్పాటు ఉంది కనుక, వోర్టా తెరవడానికి ముందే ఈ పని ముగించాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు (ఆదోని)
ఇద్దరికీ కృతజ్ఞతలు. జాబితాలో అన్ని ఆర్కైవులూ కనిపించాయి, తేదీలు సరిపోయాయి. టామ్ ముద్ర చేర్చిన తరువాత కిందటి సీజను పట్టీ ఒకటి వెలికితీసి కాగితంతో పోల్చాము. తూకం, ధర, మొత్తం అన్నీ కలిశాయి. ఆప్ట్‌తో ఎక్కించిన వోర్టా తెరుచుకుంది, పాత ప్రొఫైలు (బ్యాకప్ సెట్టింగులు) అలాగే ఉంది.

జవాబు (అనంతపురం)
సంతోషం. ఇప్పుడు బోర్గ్ తాళపుచెవిని ఎగుమతి చేసి, పాస్‌ఫ్రేజ్‌తో పాటు దుకాణానికి బయట ఒకచోట భద్రపరచండి. రీపోకీ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో ఆ చెవి రిపాజిటరీ లోపలే ఉంటుంది కాబట్టి, ఆ భాగం పాడైతే మిగతా డేటా బాగున్నా తెరవలేరు.