కలానికి ‘విత్’ తగిలించక తప్పదా?

ముక్కుసూటి:
ఒక తగువు తీర్చండి. ఒక ఉత్తరంలో ‘ఐ నీడ్ ఎ పెన్ టు రైట్’ అని రాశాను. చదివిన పెద్దమనిషి చివర ‘విత్’ చేర్చి, కింద ఎర్రగీత గీసి పంపారు. కలం ఉన్నదే రాయడానికి. ఆ ‘విత్’ లేనంత మాత్రాన ఆయనకు అర్థం కాకుండా పోయిందేమిటి? ‘హౌస్ టు లివ్ ఇన్’, ‘చెయిర్ టు సిట్ ఆన్’ అంటూ ప్రతి నామవాచకం వెనుకా ఒక తోక వేలాడాలా? ఏ సూత్రం ప్రకారమో చెప్పండి. ‘వాళ్ల అలవాటు అంతే’ అనే జవాబు మాత్రం వద్దు.

పాతబడి:
తోక ఉండాల్సిందే, దానికి సూత్రమూ ఉంది. నామవాచకాన్ని తీసుకెళ్లి క్రియ తర్వాత పెట్టి చూడండి. ఉత్తరాన్ని రాస్తాం కాబట్టి ‘లెటర్ టు రైట్’ అంటే చాలు. కలాన్ని రాయం, కలంతో రాస్తాం. అందుకే ‘పెన్ టు రైట్ విత్’. కాగితమైతే ‘టు రైట్ ఆన్’, విషయమైతే ‘టు రైట్ అబౌట్’, మనిషైతే ‘టు రైట్ టు’. క్రియ ఒక్కటే, నామవాచకం మారగానే తోక మారింది. రెండింటికీ ఉన్న సంబంధమేమిటో చెప్పేది ఆ తోకే. అది కత్తిరిస్తే సంబంధం పాఠకుడు ఊహించుకోవాలి.

తెల్లకాగితం:
‘ఎ ప్లేస్ టు లివ్’ అని ఇంగ్లీషువాళ్లే అంటారు. ‘ఇన్’ ఏమైంది?

పాతబడి:
ప్లేస్, టైమ్, వే, రీజన్ లాంటి కొన్ని మాటలకు ఆ వెసులుబాటు ఉంది. ‘టైమ్ టు గెట్ అప్’, ‘వే టు ఫైండ్ అవుట్’ అనేస్తే సరిపోతుంది. ‘హౌస్ టు లివ్’ మాత్రం కుదరదు.

ముక్కుసూటి:
భేష్. ‘ప్లేస్’ చేస్తే వెసులుబాటు, నా ‘పెన్’ చేస్తే తప్పు. దీన్ని సూత్రం అంటారా మీరు?

ఎర్రసిరా:
ఒక్క నిమిషం. వాక్యం చివర ప్రిపొజిషన్ (‘విత్’, ‘ఇన్’, ‘ఆన్’ లాంటి మాట) పెట్టకూడదని బడిలో మాకు నూరిపోశారు. పెట్టినందుకు నా మార్కులు పోయాయి, మొన్న మా అమ్మాయి మార్కులూ పోయాయి. ఇక్కడేమో పెట్టి తీరాలంటున్నారు. ‘పెన్ విత్ విచ్ టు రైట్’ అన్నదే శుద్ధమైన రూపం. మిగతావన్నీ వీధిభాష.

పాతబడి:
ఎర్రసిరా గారూ, ఆ నిషేధం వ్యాకరణం లోంచి పుట్టింది కాదు. 1672లో డ్రైడెన్ అనే కవి, తనకు ముందు తరంవాడైన బెన్ జాన్సన్ వాక్యాల్లో ప్రిపొజిషన్ చివరికి రావడం దోషమన్నాడు. 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ దాన్ని నిషేధించనైనా లేదు. మాటల్లో అది సహజమే, గంభీరమైన రచనలో ముందుకు జరిపితే అందంగా ఉంటుందన్నాడు, అంతే. తర్వాతి బడిపంతుళ్లు దాన్ని శాసనం చేసి పెట్టారు. 1926 నాటికి ఫౌలర్ అనే ఆయన తన ఇంగ్లీషు వాడుక నిఘంటువులో అది మూఢనమ్మకమని తేల్చేశాడు. మీ అమ్మాయి మార్కులు పోయింది ఆ మూఢనమ్మకం వల్లే.

పైగా అన్నింటినీ ముందుకు జరపలేం. ‘వర్డ్స్ టు లుక్ అప్’, అంటే నిఘంటువులో వెతకాల్సిన మాటలు. ‘వర్డ్స్ అప్ విచ్ టు లుక్’ అని ఎవరూ అనరు. ఇక్కడ ‘అప్’ ప్రిపొజిషనే కాదు, క్రియలో ఒక ముక్క. ‘సమ్‌వన్ టు లుక్ అప్ టు’ చూడండి. గౌరవించదగిన మనిషి అని చెప్పడానికి ‘అప్’, ‘టు’ రెండూ చివరే ఉండాలి. విడదీసి ‘టు’ను ముందుకు తెచ్చినా చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఎర్రసిరా:
చరిత్ర అడగలేదు. ‘విత్ విచ్ టు రైట్’ ఒప్పా, తప్పా? ఒక్క మాటలో చెప్పండి.

పాతబడి:
ఒప్పే. కానీ ‘విచ్’ వచ్చినప్పుడు ‘విత్’ కూడా దానితో పాటు ముందుకు రావాలి. ‘పెన్ విచ్ టు రైట్ విత్’ కుదరదు.

ఎర్రసిరా:
ఒప్పేనన్నారు. చాలు.

సాలెగూడు:
మీరంతా ఒకే రకం నిర్మాణం గురించి మాట్లాడుతున్నట్టు లేదు. ‘వుయ్ హావ్ ఎ ప్లాన్ టు క్యారీ అవుట్’ అంటే అమలు చేయాల్సిన పథకం ఒకటి మా దగ్గర ఉందని. ‘ఎ ప్లాన్ టు క్యారీ అవుట్ రిపేర్స్’ అంటే మరమ్మతులు చేయాలన్నదే ఆ పథకం. మొదటి దానిలో పథకం క్రియకు కర్మ. రెండో దానిలో కర్మ వేరే ఉంది, క్రియ పథకంలోని సంగతిని చెబుతోంది. ‘డెసిషన్ టు గివ్ అప్’ కూడా రెండో రకమే, నిర్ణయాన్ని ఎవరూ వదులుకోవడం లేదు. మొదటి రకంలో కర్మ ముందే వచ్చేసింది కాబట్టి క్రియ దగ్గర ఖాళీ ఉండాలి. మనవాళ్లు ఆ ఖాళీని చూసి కంగారుపడి ‘ఎ బుక్ టు గో త్రూ ఇట్’ అని రాస్తారు. తోక కోయడం కన్నా ఇది పెద్ద పొరపాటు, దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ముక్కుసూటి:
అంతా బాగుంది. నా ఉత్తరం అర్థమైందా లేదా అన్న దానికి ఇప్పటికీ జవాబు లేదు.

వానచినుకు:
మీరు ‘విత్’ ఎందుకు వదిలేశారో నాకు అర్థమవుతోంది. తెలుగులో రాసే కలం, రాసే కాగితం, రాసే విషయం అంటాం. ‘తో’, ‘మీద’, ‘గురించి’ అన్నవి ఎక్కడా కనబడవు. ‘రాసే మనిషి’ అంటే రాస్తున్నవాడా, మనం ఎవరికి రాస్తామో అతనా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకుంటాం. మన భాష ఆ సంబంధాన్ని మింగేస్తుంది, ఇంగ్లీషు చివర మిగిల్చి చూపిస్తుంది. మీ వాక్యం తెలుగు పోతలో పోసిన ఇంగ్లీషు.

ముక్కుసూటి:
వచ్చింది అసలు మాట! తెలుగు పోత. ఒకసారి ఒక ఉద్యోగానికి వెళితే, పని గురించి ఒక్క ప్రశ్న అడగకుండా ‘మీ ఇంగ్లీషులో మాతృభాష వాసన వస్తోంది’ అని పంపించేశారు. ‘కోప్ అప్ విత్’ అన్నానట, ‘కోప్ విత్’ అనాలట. ఏళ్లుగా ఇంగ్లీషులోనే పని చేస్తున్నాను. నా ఉత్తరం చదివి దారి తప్పినవాడు ఒక్కడూ లేడు. ఈ దేశంలో కోట్లమంది వాడే భాషకు తప్పొప్పులు ఇంకెక్కడో కూర్చున్నవాళ్లు ఎందుకు నిర్ణయించాలి? తోక గొడవ కాదు నాది. ఎర్రగీత గీసే హక్కు ఎవరిచ్చారన్నదే నా గొడవ.

పాతబడి:
గీతలు గీసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఎందుకు గీస్తానో వినండి. మిమ్మల్ని పంపించేసినట్టే నా విద్యార్థులనూ పంపించేస్తున్నారు. ‘మన ఇంగ్లీషు మనది, ధైర్యంగా మాట్లాడు’ అని వీపు తట్టి పంపితే, అవతల కూర్చున్నవాడు నా మాట వింటాడా? మీ పంతం ఖరీదు వాళ్లెందుకు చెల్లించాలి?

ఎర్రసిరా:
అంటే ఇది వ్యాకరణం కాదు, పరీక్ష చేసేవాడంటే భయం! మా మాస్టారు చెప్పిందీ అదే కదా. ఆయనది మూఢనమ్మకం, మీది శాస్త్రమా?

పాతబడి:
ఆయన చెప్పింది ఇంగ్లీషువాళ్లే పాటించని నియమం. నేను చెప్పేది వాళ్లు రోజూ పాటించేది. రెండూ ఒకటి కావు.

తెల్లకాగితం:
పెద్దలు కాస్త నెమ్మదించాలి.

సాలెగూడు:
తోకలన్నీ ఒకే రకమన్నట్టు కొట్టుకుంటున్నారు. ‘కోప్ అప్ విత్’లో ‘అప్’ ఎక్కువైంది. ‘కీప్ అప్ విత్’, ‘క్యాచ్ అప్ విత్’, ‘పుట్ అప్ విత్’ వినీ వినీ చేర్చుకున్నాం. అర్థానికి నష్టం లేదు. దాన్ని ఇక్కడి ఇంగ్లీషు అనుకుని వదిలేయవచ్చు. ‘పెన్ టు రైట్’లో ‘విత్’ తక్కువైంది, కానీ కలంతో చేసే పని ఒక్కటే గనక ఎవరూ పొరబడరు. అది ఇంగ్లీషుకు లోటే, అర్థానికి కాదు. ‘సమ్‌వన్ టు కంప్లెయిన్’ దగ్గర మాత్రం నిజంగా చిక్కు వస్తుంది. ఆ మనిషికి ఫిర్యాదు చేయాలా, ఆ మనిషి మీద చేయాలా?

ఇక ఫ్రేజల్ వెర్బ్, అంటే తోక కలిస్తే అర్థమే మారిపోయే క్రియ అయితే బేరమే లేదు. ‘థింగ్స్ టు గివ్ అప్’ అంటే మానుకోవాల్సినవి, ‘అప్’ తీసేస్తే ఇవ్వాల్సినవి. ‘క్లోత్స్ టు పుట్ ఆన్’ తొడుక్కునే బట్టలు, ‘క్లోత్స్ టు పుట్ అవే’ మడిచి లోపల పెట్టేవి. ముక్కుసూటి గారు కలం గురించి వాదిస్తే వింటాను. వీటి గురించి వాదిస్తే వినను.

ముక్కుసూటి:
వీటి గురించి నేనెప్పుడు వాదించాను? నాది కలమే. కలానికి ‘విత్’ పెట్టను. గీసేవారు గీసుకోవచ్చు.

పాతబడి:
గీస్తాం.

తెల్లకాగితం:
ఇంతకీ ‘ఫామ్ టు ఫిల్’ తర్వాత ‘ఇన్’ రావాలా, ‘అవుట్’ రావాలా?

పాతబడి:
బ్రిటన్‌లో ‘ఇన్’ ఎక్కువ, అమెరికాలో ‘అవుట్’ ఎక్కువ. ఇక్కడ ‘అప్’ కూడా వినిపిస్తుంది.

ముక్కుసూటి:
ఏదీ లేకుండా కూడా వినిపిస్తుంది.