పెల్టియర్ పెట్టాక ఐజీబీటీ ఇంకా వేడెక్కుతోంది, ఎందుకు?

గాజువాక_ఇన్వర్టర్
ఇన్వర్టర్‌లో కరెంటును ఆన్, ఆఫ్ చేసే ఐజీబీటీ (పవర్ ట్రాన్సిస్టర్) మాడ్యూల్, అడుగుభాగం 34×94 మి.మీ. 120 వాట్ల వేడి వస్తోంది. హీట్‌సింకూ ఫ్యానూ కలిపి ప్రతి వాటు వేడికీ గాలి కంటే 0.25 డిగ్రీలు పెరుగుతుంది. నేరుగా బిగిస్తే అడుగుభాగం 62 డిగ్రీలు ఉండేది. మధ్యలో రెండు టీఈసీ1-12706 పెల్టియర్లు (కరెంటిస్తే ఒకవైపు చల్లబడి రెండోవైపు వేడెక్కే పలకలు) పెట్టి 12 వోల్టులిస్తే 90 దాటింది. షెడ్డులో గాలి 32. థర్మల్ పేస్టు మార్చినా అంతే. పెల్టియర్లు నకిలీవా? మైక్రోచానల్ బ్లాకుకు (వెంట్రుకంత సన్నని నీటి కాలువలున్న దిమ్మకు) మారిపోవాలా?

ఎంవీపీ_థర్మల్
నకిలీవి కాకపోవచ్చండీ, లెక్కే తిరగబడింది. 12 వోల్టుల దగ్గర ఒక్కోటి 50 వాట్ల పైనే తింటుంది. అదీ వేడే కదా, వెళ్లేది మీ హీట్‌సింకులోకే. 120కి ఓ 100 కలపండి: 220 × 0.25 = 55. గాలి 32 కలిపితే వేడివైపే 87. ఇక చల్లవైపు. అమ్మేవాళ్లు చెప్పే 50, 60 వాట్లు రెండు వైపులా ఒకే వేడి ఉన్నప్పటి మాట. మీరు ఒక్కోదాని నెత్తిన 60 వాట్లు పెట్టారు, కాబట్టి తేడా సృష్టించే శక్తి దానికి మిగల్లేదు.

ఒకవేళ పనిచేసినా మన విశాఖలో ఇంకో తంటా. 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే గాలిలోని తేమ 27 దగ్గరే నీరవుతుంది. అంతకంటే చల్లబడితే అడుగంతా చెమట పడుతుంది. ఆ ఉప్పుతేమ గేట్ పిన్నుల (మాడ్యూల్‌కు ఆన్, ఆఫ్ సంకేతాలిచ్చే పిన్నుల) మధ్యకు పాకితే మాడ్యూల్ గోవిందా.

కైలాసగిరి_కూలెంట్
మైక్రోచానల్ కూడా వద్దు. 1981లో స్టాన్‌ఫర్డ్‌లో టకర్‌మన్, పీస్ సిలికాన్‌లో 50 మైక్రాన్ల కాలువలు చెక్కి చదరపు సెంటీమీటరుకు 790 వాట్లు లాగారు. మీది 4 వాట్లలోపే. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకు? కాలువ సన్నబడేకొద్దీ వేడి బాగా లాగుతుంది, నిజమే. కానీ నీటి వేగం అంతే ఉంచి వెడల్పు సగం చేస్తే పీడన నష్టం నాలుగింతలు, చిన్న నలుసుకే మూసుకుపోతుంది.

అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు సందులున్న రాగి ప్లేటు చాలు. నిమిషానికి లీటరు నీళ్లు పోతే 120 వాట్లకు నీరు 2 డిగ్రీలు కూడా పెరగదు. 100 మైక్రాన్ల ఫిల్టర్ పంపుకూ ప్లేటుకూ మధ్య పెట్టండి. పంపు పీల్చే వైపు పెడితే మురికి పట్టగానే పంపు గాలి పీలుస్తుంది. బోరు నీళ్లు పోయొద్దు, సున్నం గార సందుల్లోనే కడుతుంది. రాగి ప్లేటుకు అల్యూమినియం రేడియేటర్ జత చేస్తే అల్యూమినియం తుప్పు పట్టి తినుకుపోతుంది, అదీ రాగిదే తీసుకోండి. డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పు నిరోధకం కలిసిన గ్లైకాల్ పోయండి.

గాజువాక_ఇన్వర్టర్
నీటిని చల్లబరిచే చిల్లర్ పెడితే? ఈ పెల్టియర్లు మరెందుకైనా పనికొస్తాయా?

ఎంవీపీ_థర్మల్
చిల్లర్ అక్కర్లేదు. పెట్టి తీరాలంటే నీరు 30 డిగ్రీల కిందికి దించకండి, లేదంటే మళ్లీ ఆ చెమట తంటానే. పెల్టియర్లు లేజర్ డయోడ్ లాంటి కొద్ది వాట్ల పనికి, ఉష్ణోగ్రత కదలకుండా నిలపడానికి బాగుంటాయి. థర్మోస్టాట్‌తో ఆన్, ఆఫ్ చేస్తూ పోతే మాత్రం లోపలి టంకం అతుకులు పగులుతాయి. కరెంటు నెమ్మదిగా పెంచి తగ్గించే డ్రైవరే వాడండి.

కైలాసగిరి_కూలెంట్
ఒకటి మరిచాను: నీటి ప్రవాహం ఆగి ఫ్లో స్విచ్ తెరుచుకుంటే గేట్ పల్సులు వెంటనే ఆగేలా వైరింగ్ చేయండి. పంపు ఆగిందని చూసి మనిషి వెళ్లి ఆపేలోగా మాడ్యూల్ మిగలదు.