ఆప్ట్ క్యాష్‌లో డెబ్ ఫైళ్లు మిగలడం లేదు, ఎవరు తీసేస్తున్నారు?

ప్రశ్న:
ఉబుంటు (లినక్స్) మెషీన్‌లో దించిన డెబ్ ఫైళ్లను (ప్రోగ్రాముల ఇన్‌స్టాల్ ప్యాకేజీలు) నెట్ లేని మెషీన్లకు పట్టుకెళ్లాలి. ప్యాకేజీలు వేసే ఆప్ట్ కమాండ్‌తో ఇన్‌స్టాల్ అవ్వగానే, దించినవి ఉండే క్యాష్ ఫోల్డర్ /వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్ ఖాళీ అయిపోతోంది. పాత కమాండ్ ఆప్ట్-గెట్ వాడే స్క్రిప్టుతో వేసినవి ఉంటున్నాయి గానీ కొన్నాళ్లకు అవీ పోతున్నాయి. క్లీన్ కమాండ్ ఎవరూ కొట్టలేదు, డిస్క్‌లో చోటు బోలెడుంది. ఎక్కడ వెతకాలి?

జవాబు 1:
ఇవి రెండు వేరే సంగతులండీ. మొదటిది బగ్ కాదు. 1.2 వెర్షన్ నుంచి ఆప్ట్ కమాండ్ ఇన్‌స్టాల్ సక్రమంగా ముగిస్తే, దించిన డెబ్‌లను తానే తీసేస్తుంది. ఆప్ట్-గెట్ పాత పద్ధతిలోనే ఉంది. ఆపాలంటే /ఈటీసీ/ఆప్ట్/ఆప్ట్.కాన్ఫ్.డి లో కొత్త ఫైలు పెట్టి ఈ లైను రాయండి:

బైనరీ::ఆప్ట్::ఆప్ట్::కీప్-డౌన్‌లోడెడ్-ప్యాకేజెస్ "ట్రూ";

మొదటి ఆప్ట్ చిన్నక్షరాల్లో, రెండోది పెద్దక్షరాల్లో. ఫైలు పేరుకు ఎక్స్‌టెన్షన్ పెడితే .కాన్ఫ్ మాత్రమే పెట్టండి, ఇంకేదైనా అయితే ఆప్ట్ దాన్ని చదవదు.

జవాబు 2:
కొన్నాళ్లకు పోయేవాటి సంగతి: ఆ ఆప్ట్.కాన్ఫ్.డి ఫోల్డర్‌లోనే 20ఆర్కైవ్ అనే ఫైలు ఉందేమో చూడండి. అందులో మాక్స్‌ఏజ్ 30 రోజులు, మిన్‌ఏజ్ 2 రోజులు, మాక్స్‌సైజ్ 500 ఎంబీ అని ఉంటుంది. క్యాష్ 500 దాటితే పాతవాటి నుంచి కోత మొదలు. డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో దానికి అనవసరం. మాక్స్‌ఏజ్, మాక్స్‌సైజ్ రెండూ 0 చేయండి. ఆప్ట్-కాన్ఫిగ్ డంప్ కొడితే నిజంగా అమల్లో ఉన్న విలువలు కనిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
రెండూ 0 చేశాను. ఇప్పుడు ఒక థర్డ్‌పార్టీ రిపాజిటరీ (ఉబుంటుది కాని బయటి ప్యాకేజీల సర్వర్) ఫైళ్లు మాత్రమే పోతున్నాయి. సోర్సుల జాబితాలో ఆ రిపాజిటరీ లైనును ప్రస్తుతానికి కామెంట్ చేసి (ముందు # పెట్టి ఆపి) ఉంచాను.

జవాబు 2:
అదే కారణం. లైను కామెంట్ చేసి అప్‌డేట్ కొట్టాక, ఆ ప్యాకేజీలు ఇక ఎక్కడా దొరకవని ఆటోక్లీన్ (ఇక దించలేని డెబ్‌లను తీసేసే కమాండ్) లెక్క, కాబట్టి చెరిపేస్తుంది. డంప్‌లో ఆటోక్లీన్‌ఇంటర్వెల్ 0 కాకపోతే రోజువారీ టైమరే దాన్ని నడుపుతోంది, 0 చేయండి. ఆప్ట్-గెట్ ఆటోక్లీన్‌కు -ఎస్ తగిలిస్తే ఏవి పోతాయో జాబితా ఇస్తుంది, దేన్నీ ముట్టుకోదు.

జవాబు 3:
అసలు క్యాష్‌ను గోడౌన్‌లా వాడొద్దు, కావాల్సినవి వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. ఇంకోటి, ఈ మెషీన్‌లో ముందే ఉన్న డిపెండెన్సీలను (ఒక ప్యాకేజీ పనిచేయడానికి కావాల్సిన ఇతర ప్యాకేజీలను) ఆప్ట్ మళ్లీ దించదు. అవతలి మెషీన్‌లో అవి లేకపోతే మీరు తీసుకెళ్లిన డెబ్‌లు కాన్ఫిగర్ కాకుండా ఆగిపోతాయి. అవతలి మెషీన్‌లోని ఉబుంటు వెర్షన్‌నే తాజాగా వేసిన మెషీన్‌లో డౌన్‌లోడ్-ఓన్లీ ఆప్షన్‌తో దించండి.