అమ్మకు కీమో జరుగుతున్న రోజుల్లో పిల్లలతో ఇంటిని ఉల్లాసంగా ఉంచుకోవడం ఎలా?

నా భార్యకు రొమ్ము క్యాన్సర్ ఉందని తేలినప్పటి నుంచి 21 రోజులకొకసారి కీమోథెరపీ ఇస్తున్నారు. ఇప్పటికి మూడు విడతలు పూర్తయ్యాయి. మాకు ఆరేళ్ల పాప, మూడేళ్ల బాబు ఉన్నారు.

మందు ఎక్కించిన తరువాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య, రోగక్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా తగ్గిపోతాయి కనుక, బాబుకు జలుబు చేస్తే వాణ్ణి తల్లి దగ్గరకు పోనివ్వకుండా ఆపవలసి వస్తోంది. అప్పుడు వాడు తలుపు అవతల కూర్చుని బొమ్మ కారును కింది సందులోంచి లోపలికి నెడతాడు, ఆమె నీరసంలోనూ నేల మీద కూర్చుని తిరిగి నెడుతుంది. ఇప్పుడు మా ఇంట్లో నవ్వులు ఎక్కువగా వినిపించేది ఆ తలుపు దగ్గరే.

జుట్టు రాలడం మొదలైనప్పుడు పాప దువ్వెనలోని వెంట్రుకలను చూసి, తాను గట్టిగా దువ్వినందువల్లేనా అని ఏడ్చింది. అది మందు ప్రభావమని, చికిత్స ముగిశాక జుట్టు మళ్లీ పెరుగుతుందని చెప్పాం. జబ్బు పేరు కూడా దాచలేదు. దాచితే పిల్లలు తప్పు తమదేననుకుంటారని నా నమ్మకం.

ఇలాంటి రోజులు గడిపినవారిని నేను అడిగేది ఇదే: తల్లి మంచం దిగలేని రోజుల్లో మీరు పిల్లలతో ఏ ఆటలు ఆడించారు? ఆమెకు నవ్వాలనిపించని రోజున, బలవంతపు ఉత్సాహం చూపకుండా, పిల్లలకు ధైర్యం ఎలా చెప్పారు? పాప టీచరుకు ఎంతవరకు తెలియజేయడం మంచిది? తరువాత రేడియేషన్ కోసం వారానికి ఐదు రోజులు ఆసుపత్రికి వెళ్లవలసి ఉంటుందన్నారు. ఆ వారాల్లో పిల్లల దినచర్య చెదరకుండా మీరు ఎలా నిలబెట్టుకున్నారో దయచేసి వివరంగా రాయండి.