సంతకంలో పేరు చదవగలిగేలా ఉండాలా, గిలికినా చెల్లుతుందా?

నల్లసిరా అడిగిన ప్రశ్న:

డిగ్రీ ఆఖరి ఏడాది చదివే చెల్లెలికి పాన్ కార్డు, సొంత బ్యాంకు ఖాతా, బ్యాంకు ఉద్యోగాల పరీక్షకి ఐబీపీఎస్ దరఖాస్తు ఒకేసారి వచ్చి పడ్డాయి. ఇప్పటిదాకా తన సంతకం అంటే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో పేరు విడివిడిగా రాయడమే. ఇప్పుడు ఒకటి ఖాయం చేసుకోవాలి. ఎవరికీ అర్థంకాకుండా గిలికితేనే దొంగ సంతకం పెట్టలేరని ఇంట్లో కొందరు, పేరు చదవడానికి రాకపోతే చెక్కు వెనక్కి వస్తుందని మరికొందరు అంటున్నారు. ఏది నిజం? తెలుగులో పెడితే ఎక్కడైనా ఇబ్బందా? తర్వాత మార్చుకోవాలంటే ఎంత పని?

క్లియరింగ్ కౌంటర్:

ముందు చెక్కు సంగతి. సంతకం చదవడానికి వీలుగా ఉండాలని, చెక్కులకీ ప్రోనోట్లకీ వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం అడగదు. బ్యాంకు చూసేది ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన నమూనా సంతకంతో చెక్కు మీదది సరిపోయిందా లేదా అన్నదే. చెక్కు తిప్పి పంపే కారణాలకి కోడ్ నంబర్లు ఉన్నాయి: 10 అంటే అసంపూర్తి సంతకం, 11 చదవడానికి వీలుకాని సంతకం, 12 నమూనాతో తేడా, 13 అసలు సంతకమే లేకపోవడం. మీ ఇంట్లోవాళ్లు ఆ 11 గురించి విని ఉంటారు. నమూనాలోనూ అదే గిలుకుడు ఉన్నప్పుడు దాని గురించి కంగారు అక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది 12 గురించి.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. చెక్కు కాగితం ఇప్పుడు మీ శాఖ దాకా రాదు. సీటీఎస్ (చెక్ ట్రంకేషన్ సిస్టమ్) పద్ధతిలో, డిపాజిట్ చేసుకున్న బ్యాంకే దాన్ని స్కాన్ చేసి బొమ్మలు పంపుతుంది. ముందువైపు బూడిదరంగు బొమ్మ అంగుళానికి 100 చుక్కల్లో, ముందూ వెనకా నలుపు తెలుపు బొమ్మలు 200 చుక్కల్లో. మీ సంతకాన్ని సరిచూసే మనిషి తెర మీద ఆ బొమ్మనే చూస్తాడు. లేత నీలం జెల్ పెన్నుతో పైపైన గీసిన సన్నటి తోక ఆ బొమ్మలో మాయమైపోవచ్చు, అప్పుడు సరైన సంతకం కూడా తేడాగా కనిపిస్తుంది. ముదురు నీలం లేదా నలుపు, చెరగని సిరా వాడండి. సంతకం గీత పైనే పూర్తి కావాలి. కింద అయస్కాంత సిరా అంకెలుండే తెల్లపట్టీలోకి తోక దిగకూడదు. తేదీ తప్ప చెక్కు మీద ఇంకేది కొట్టేసి దిద్దినా, పక్కన సంతకం పెట్టినా సీటీఎస్‌లో చెల్లదు, కొత్త చెక్కు రాయాల్సిందే.

'సంతకం తేడా'తో తిరిగొచ్చిన చెక్కుకి కేసు ఉండదనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 2012లో లక్ష్మీ డైకెమ్ కేసులో సుప్రీంకోర్టు అది కూడా చెక్కు బౌన్సుని నేరంగా చూసే సెక్షన్ 138 కిందికి రావచ్చని తేల్చింది. చెక్కు ఇచ్చినవాడు కావాలని సంతకం మార్చి తప్పించుకునే దారి అలా మూసుకుపోయింది. తిరిగొచ్చినట్టు తెలిసిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక చెల్లించడానికి 15 రోజులు, ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు.

లెన్సు కింద:

"గిలికితే దొంగ సంతకం పెట్టలేరు" అన్న మాట మీద నేను గట్టిగా విభేదిస్తాను. వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. దస్తూరీ పరిశీలనలో చూసేవి: గీత నాణ్యత, పెన్ను వేగం, ఎక్కడ నొక్కారు, ఎక్కడ తేల్చారు, మొదలూ చివరా ఎలా ఉన్నాయి, పెన్ను ఎక్కడెక్కడ ఎత్తారు, అక్షరాల ఎత్తుల నిష్పత్తి, అడుగు గీతకి వాలు. ఒక సున్నా, ఒక అడ్డగీత మాత్రమే ఉన్న సంతకంలో వీటికి చోటేది? పోల్చడానికి లక్షణాలు చాలినన్ని లేకపోతే నిపుణుడు 'నిర్ధారించలేం' అని రాసి పంపుతాడు. ఎదుటివాడికి కాపీ కొట్టడం కూడా సులువే, ఐదు నిమిషాల సాధన చాలు. అందుకే కోడి గెలికినట్టున్న రెండు గీతల కంటే, పది పన్నెండు అక్షరాలని వేగంగా కలిపి రాసిన సంతకమే మిమ్మల్ని ఎక్కువ కాపాడుతుంది. అలాగని విడివిడి పెద్దక్షరాలూ మంచివి కావు, ప్రతి అక్షరం దగ్గరా పెన్ను ఆగుతుంది కాబట్టి నెమ్మదిగా అనుకరించేవాడికి వీలు దొరుకుతుంది.

నకలు సంతకం దొరికిపోయేది వేగం దగ్గర. కింద అసలు పెట్టి దిద్దినవాడు ఆకారం దాదాపు సరిగ్గానే తెస్తాడు. కానీ గీత ఒకే మందంలో వస్తుంది, మొదలూ చివరా మొద్దుగా ఉంటాయి, అక్కర్లేని చోట పెన్ను ఆగి సిరా ముద్ద కడుతుంది, వంపుల్లో సన్న వణుకు కనిపిస్తుంది. అసలు మనిషి చేతిలో గీత సన్నగా గాల్లోంచి దిగి సన్నగానే తేలిపోతుంది. ఇంకో గుర్తు: ఏ మనిషీ రెండుసార్లు అచ్చుగుద్దినట్టు ఒకేలా సంతకం పెట్టడు. రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిపోతే, వాటిలో కనీసం ఒకటి దిద్దినదో అతికించినదో అయి ఉంటుంది.

తెలుగు సంతకం ఈ లెక్కన చాలా బలమైనది. తలకట్టు ముందు పెడతారా చివర్లోనా, గుడి ఏ వైపు నుంచి తిప్పుతారు, వత్తు అక్షరాన్ని అంటిందా విడిగా ఉందా, సున్నా ఎక్కడ మూసుకుంటుంది... ప్రతిదీ అలవాటును పట్టిస్తుంది.

హాల్‌టికెట్:

పరీక్షల సంగతి నేను చెప్తాను, మీకు అన్నిటికంటే తొందరగా కావాల్సింది అదే. ఐబీపీఎస్ నోటిఫికేషన్‌లో పెద్దక్షరాల సంతకం అంగీకరించరని రాసే ఉంటుంది, అంటే చెల్లెలి ఇప్పటి సంతకం అక్కడ చెల్లదు. తెల్లకాగితం మీద నల్ల పెన్నుతో పెట్టి స్కాన్ చేయాలి. 140×60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ. ఆ కొలతకి తగ్గించాక తోకలు చెదిరిపోయాయేమో పెద్దది చేసి చూసుకోండి. ఫోన్‌లో ఫోటో తీస్తే కాగితం బూడిదరంగుకి తిరిగి గీత తేలిపోతుంది, స్కానరే మేలు. చేత్తో రాసే ప్రకటన, ఎడమ బొటనవేలి ముద్ర కూడా అడుగుతారు. ప్రకటన కూడా పెద్దక్షరాల్లో ఉండకూడదు, అభ్యర్థి స్వయంగా రాయాలి.

అప్‌లోడ్ చేసిన సంతకానికీ పరీక్ష గదిలో కాల్ లెటర్ మీదా హాజరు పట్టీ మీదా పెట్టినదానికీ పొంతన లేకపోతే అనర్హత దాకా వెళ్తుంది. ఆ ఒత్తిడిలో కూడా చేతికి వచ్చేదే సంతకంగా ఎంచుకోవాలి, కాబట్టి దరఖాస్తుకి ముందు వారం రోజులు రోజూ ఒక పేజీ రాయించండి. యూపీఎస్సీ అయితే ఇప్పుడు ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి మూడుసార్లు పెట్టమంటోంది.

నల్లసిరా:

అందరికీ ధన్యవాదాలండీ. అయితే పేరు కలిపిరాతలో, కాస్త వేగంగా. ఇంకో రెండు. చదవగలిగేలా ఉండడం నిజంగా అవసరమయ్యే చోటు ఒక్కటీ లేదా? మా నాన్నగారికి చేయి వణుకుతోంది, బ్యాంకులో నమూనా చాలా పాతది. ఆయనకి ఏం చేయాలి?

దస్తూరి:

ఉంది. సాక్షి సంతకం.

వీలునామాకి కనీసం ఇద్దరు సాక్షులు కావాలని 1925 నాటి భారత వారసత్వ చట్టం సెక్షన్ 63 చెప్తుంది. రాసిన మనిషి పోయాక, తగాదా వస్తే, ఆ ఇద్దరిలో కనీసం ఒకరిని కోర్టుకి పిలవాలి. కాగితం మీద రెండు గిలుకుళ్లు మాత్రమే ఉంటే ఎవరిని పిలుస్తారు? ఇద్దరూ బతికి లేకపోతే పని ఇంకా బరువు: కనీసం ఒక సాక్షి చేవ్రాలు అతనిదేనని, వీలునామా రాసిన మనిషి సంతకం ఆయనదేనని రుజువు చేయాలి. ఆ రాత ఎరిగిన మనుషులో, పోల్చడానికి వాళ్ల పాత కాగితాలో వెతకాలి. అసలు ఆ సాక్షి ఎవరో తెలిస్తేనే కదా ఇవన్నీ. కాబట్టి సంతకం ఎలా ఉన్నా సరే, దాని కింద సాక్షే స్వహస్తంతో పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ రాయాలి. ఈ నాలుగూ ఉంటే పైనున్న గీత గురించి ఎవరూ అడగరు. ప్రోనోటుకీ ఇదే పద్ధతి పాటించండి. నోటు రాసింది వేరే మనిషైతే 'దస్తూరి' అని వేసి అతని పేరూ ఉండాలి.

ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు దగ్గర జరిగే పొరపాటు: సంతకమంతా స్టాంపు మీదే ఇరికించడం. స్టాంపు బొమ్మ గీతల్లో సంతకం గీతలు కలిసిపోయి, తర్వాత నిపుణుడి దగ్గరికి వెళ్తే మొదళ్లూ చివర్లూ కనిపించవు. కాగితం మీద మొదలుపెట్టి, స్టాంపు దాటి, మళ్లీ కాగితం మీద ముగించండి. స్టాంపు రద్దయినట్టూ ఉంటుంది, సంతకమూ దక్కుతుంది. ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టి ఇవ్వడం గురించి వేరే చెప్పాలా! చెక్కుల సందర్భంలో పైన చెప్పిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోనే సెక్షన్ 20 ఉంది, స్టాంపు ఉన్న ఖాళీ కాగితం మీద సంతకం చేసి ఇస్తే, స్టాంపుకి తగిన మొత్తం మేరకు పూరించుకునే అధికారం ఇచ్చినట్టే తీసుకుంటారు. అక్కడ సంతకం ముత్యాల్లా ఉన్నా, గిలుకుడైనా ఒకటే.

'సంతకం నాది కాదు' అని తగాదా వస్తే కోర్టు తనే పోల్చి చూడొచ్చు (పాత సాక్ష్య చట్టం సెక్షన్ 73, 2024 జూలై నుంచి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 72), లేదా నిపుణుడికి పంపొచ్చు. పోల్చడానికి తగాదా మొదలవకముందు, దాదాపు అదే కాలంలో పెట్టిన సంతకాలు కావాలి. కేసు వేశాక వకాలత్ మీద పెట్టినవి ఇస్తే, కావాలనే మార్చి పెట్టారన్న అభ్యంతరం వెంటనే వస్తుంది. పాత చెక్కులు, రిజిస్టర్డ్ దస్తావేజులు, ఉద్యోగ రికార్డులు నయం. అసలు కాగితమే పంపాలి. జిరాక్సులో పెన్ను ఒత్తిడీ గీతల వరసా తెలియవు.

క్లియరింగ్ కౌంటర్:

నాన్నగారి సంగతి. వణుకు వచ్చాక పాత నమూనాతో పోరాడడం దండగ. ఆయన్ని హోం బ్రాంచికి తీసుకెళ్లి, ఇప్పటి చేతితో వచ్చే సంతకాన్నే కొత్త నమూనాగా ఇప్పించండి. ఫారం మీద పాతదీ కొత్తదీ రెండూ పెట్టిస్తారు, గుర్తింపు కార్డు చూస్తారు. కుదురుగా రావాలని నెమ్మదిగా పెట్టించకండి, ఆ నెమ్మదే వణుకుని పెంచుతుంది. పేరులో రెండు మూడు అక్షరాలు తగ్గించినా పర్వాలేదు.

సంతకమే చేతకాని స్థితి వస్తే వేలిముద్ర ఉంది. రాయలేని మనిషి విషయంలో గుర్తు కూడా సంతకం కిందికే వస్తుందని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 3(56)లోనే ఉంది. మంచం పట్టిన ఖాతాదారుల కోసం రిజర్వు బ్యాంకు నియమం ఇంకా ముందుకెళ్తుంది: చేతి వేలిముద్ర, కుదరకపోతే కాలి బొటనవేలి ముద్ర. బ్యాంకుకి తెలిసిన ఇద్దరు స్వతంత్ర సాక్షులు గుర్తించాలి, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. శాఖలో ఎవరైనా కుదరదంటే ఈ నియమం గుర్తుచేయండి.

తెలుగు సంతకానికి బ్యాంకులో అడ్డు లేదు, చెక్కు మొత్తం తెలుగులో రాసినా చెల్లుతుంది. బీమా ప్రపోజల్ ఫారం మీద మాత్రం, ప్రాంతీయ భాషలో సంతకం పెడితే 'వివరాలు చదివి వినిపించాం, అర్థమయ్యాయి' అన్న ప్రకటన ఒకటి అదనంగా నింపిస్తారు. చిరాకే గానీ అడ్డంకి కాదు.

మార్చుకోవడానికి వరస ఇది: ముందు పాన్ సవరణ, కొత్త కార్డు వచ్చాక బ్యాంకు, ఆ తర్వాత మ్యూచువల్ ఫండ్లు, డీమ్యాట్. పాస్‌పోర్టులో సంతకం మారాలంటే రీ-ఇష్యూకి వెళ్లాలి. ఆధార్ మీద ఖాతాదారు సంతకం ఉండదు, దాని జోలికి పోనక్కర్లేదు. బ్యాంకులో మార్చే ముందు ఒకటి చూసుకోండి: పాత సంతకంతో ఎవరికైనా రాబోయే తేదీ వేసిన చెక్కులు ఇచ్చి ఉంటే అవి వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వాలి. లేకపోతే 12 కోడ్ మీరే కొని తెచ్చుకున్నట్టు.

లెన్సు కింద:

చెల్లెలికి ఒక్క మాట. నమూనా కార్డు మీదా పాన్ ఫారం మీదా డబ్బా ఇరుకుగా ఉంటుంది. దానికోసం సంతకాన్ని కుదించి పెడతారు, తర్వాత చెక్కు మీద చోటు దొరికి విశాలంగా పెడతారు, రెండిటికీ పోలిక చెడుతుంది. సాధన చేయించేటప్పుడే పాన్ ఫారం డబ్బాని తెల్లకాగితం మీద పెన్సిల్‌తో గీసి, అందులో గీత తగలకుండా మామూలు వేగంతో పట్టే సంతకాన్నే ఖాయం చేయండి.