“అత్యంత అనుకూల దేశం”: ఇందులో ‘అత్యంత’ ఎవరికంటే?

అనువాదిని:
అందరికీ నమస్కారం. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందాల మీద ఒక పాఠం తెలుగు చేస్తున్నాను. ‘మోస్ట్ ఫేవర్డ్ నేషన్’ దగ్గర మూడు రోజులుగా బండి ఆగిపోయింది. పత్రికల్లో ‘అత్యంత అనుకూల దేశం’ అంటున్నారు, కొందరు ‘అత్యంత ప్రాధాన్య దేశం’ అంటున్నారు. రెండూ మాటకు మాట సరిపోయినట్టే ఉంటాయి. కానీ 2019 ఫిబ్రవరిలో, పుల్వామా దాడి తర్వాత, భారత్ పాకిస్తాన్‌కు ఈ హోదా తీసేసినప్పుడు వార్త చూస్తున్న మా పెదనాన్న “ఇన్నాళ్లూ వాళ్లని నెత్తిన పెట్టుకున్నామా!” అన్నారు. 1996లో ఇచ్చిన ఆ హోదాలో నెత్తిన పెట్టుకోవడం ఏమీ లేదు, మిగతా దేశాల వరసలో నిలబెట్టడమే. ఆయన తప్పు కూడా కాదు, ఆ మాట వింటే ఎవరికైనా అలాగే తోస్తుంది. మాట మార్చాలా? ఉన్న మాటే ఉంచి కింద వివరణ రాయాలా?

పాతపలక:
మంచి ప్రశ్న వేశారమ్మా. ముందు ‘అత్యంత’ సంగతి చూద్దాం. అతి + అంత. హద్దు మీరినది అని. ‘మిక్కిలి’, ‘చాలా చాలా’ అన్నదే దాని సొంత అర్థం. ‘అందరిలోకీ’ అన్న అర్థం మనం తర్వాత తగిలించుకున్నాం.

తెలుగుకు ‘తర’, ‘తమ’ లాంటి ప్రత్యయాలు సొంతంగా లేవు. పోలిక చెప్పాలంటే ‘కంటే’, ‘కన్నా’ రావాలి, వాటి ముందు ఎవరికంటే అన్నది చెప్పి తీరాలి. లేకపోతే వాక్యం నిలబడదు. కాబట్టి ఒకసారి ‘అందరికన్నా అనుకూల దేశం’ అని రాసి చూడండి. చదివేవాడు అక్కడే ఆగి “ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో 166 సభ్యదేశాలుంటే అన్నీ అందరికన్నా అనుకూలం ఎలా అవుతాయండీ?” అని నిలదీస్తాడు. అదే ‘అత్యంత’ అంటే నిలదీయడు, తలూపి ముందుకు పోతాడు. పోలికను మింగేసే సౌకర్యం సంస్కృతపు మాటలో ఉంది. ఇక్కడ మన కొంప ముంచింది అదే.

అసలు ఒప్పందంలో ఉన్న పోలిక ఇది. 1947 అక్టోబర్ 30న జెనీవాలో 23 దేశాలు సంతకాలు చేసిన గాట్ (సుంకాలు, వాణిజ్యంపై సాధారణ ఒప్పందం, ఇప్పుడు డబ్ల్యూటీవో నియమాల్లో భాగం)లో మొదటి అధికరణమే ఈ విషయం చెబుతుంది. ఏ దేశం సరుకుకు నువ్వు ఏ మేలు చేసినా, మిగతా సభ్యదేశాల నుంచి వచ్చే అలాంటి సరుకుకు కూడా వెంటనే, షరతు పెట్టకుండా ఆ మేలు చేయాలి. అంటే పోలిక నాకూ నీకూ మధ్య లేదు. నాకూ, నీకు బాగా కావలసిన మూడోవాడికీ మధ్య ఉంది. ‘నీ వాడికి ఏం పెడతావో నాకూ అదే పెట్టు’ అన్నమాట. అందరూ అందరి దగ్గరా ఇదే మాట రాయించుకున్నాక ‘నీ వాడు’ అంటూ ఎవడూ మిగలడు.

ఇది 1947లో కొత్తగా పుట్టింది కూడా కాదు. 1860లో ఇంగ్లండ్, ఫ్రాన్స్ కుదుర్చుకున్న ఒప్పందంలో ఈ షరతు ఉంది. ఆ తర్వాత యూరప్ దేశాలు వరసగా ఒకదానితో ఒకటి ఇలాంటి ఒప్పందాలే చేసుకున్నాయి. ఇద్దరి మధ్య తగ్గిన సుంకం గొలుసుకట్టుగా మిగతావాళ్లకూ తగ్గుతూ పోయింది.

గళ్లనుడి:
మనకు మాట ఉందిగా మాస్టారూ! పంక్తిభేదం. ఒకే బంతిలో కూర్చోబెట్టి ఒకడికి ఒకలా, ఇంకొకడికి ఇంకోలా వడ్డించకూడదు. ‘పంక్తిభేదం లేని హోదా’ అంటే అయిపోలా?
“వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదు” అన్న సామెత ఉంది చూడండి, ఆ సామెత చెల్లకుండా చేయడానికే ఈ అధికరణం రాశారనిపిస్తోంది.

రేవుగాలి:
సుంకాల పట్టికలతో రోజూ కుస్తీ పట్టేవాణ్ని. మా వాడుకలో ‘ఎంఎఫ్‌ఎన్ (మోస్ట్ ఫేవర్డ్ నేషన్) రేటు’ అంటే మామూలు రేటు, అంతే. ఎవరైనా “ఈ సరుకుకు ఎంఎఫ్‌ఎన్ పడుతుంది” అంటే దిగుమతిదారు మొహం మాడుతుంది. ఎందుకంటే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉన్న దేశం నుంచి తెస్తే అంతకంటే తక్కువో, సున్నాయో పడేది. పేరేమో ‘అత్యంత అనుకూలం’, ఉన్న రేట్లలో సాధారణంగా ఎక్కువది అదే!

ఇంగ్లిష్‌వాళ్లకే ఈ పేరు మింగుడు పడలేదు. 1998లో అమెరికా తన చట్టాల్లో ఆ మాట తీసేసి ‘మామూలు వాణిజ్య సంబంధాలు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకుంది. అక్కడ ఆ మామూలు హోదా లేని దేశాలు ఇప్పుడు నాలుగే: క్యూబా, ఉత్తర కొరియా, 2022 నుంచి రష్యా, బెలారస్. 2014లో పాకిస్తాన్ భారత్‌కు ఇదే హోదా ఇద్దామనుకున్నప్పుడు కూడా ఆ పేరు రాజకీయంగా గొంతులో అడ్డం పడి, ‘వివక్ష లేని మార్కెట్ ప్రవేశం’ అన్న అర్థంలో వేరే పేరు తయారు చేశారు. పేరు మారింది గానీ హోదా మాత్రం అమల్లోకి రాలేదు, అది వేరే కథ.

అనువాదిని:
రేవుగాలి గారూ, ఇది నాకు బంగారం. అయితే ‘సమాన వాణిజ్య హోదా’ అని రాసేస్తే సరిపోతుంది కదా?

తూకంరాయి:
సరిపోదండీ. ‘సమాన’ అన్నా మళ్లీ అదే ప్రశ్న: ఎవరితో? గాట్‌లో సమానత్వాలు రెండున్నాయి. మొదటి అధికరణంలోది బయటివాళ్ల మధ్య సమానత్వం. మూడో అధికరణంలోది బయటివాడికీ ఇంటివాడికీ మధ్య సమానత్వం, దాన్ని ‘జాతీయ ప్రతిపత్తి’ అంటున్నారు. (ఆ మాట వింటే ఏదో పౌరసత్వం ఇస్తున్నట్టుంటుంది. అది ఇంకో తలనొప్పి.)

రెండూ ఒకటి కావు. గుమ్మం దగ్గర సుంకం వసూలు చేసుకోవచ్చు, అది తప్పు కాదు. కానీ సుంకం కట్టి లోపలికి వచ్చాక ఆ సరుకు మీద లోపలి పన్నులూ, నిబంధనలూ స్వదేశీ సరుకుతో సమానంగానే ఉండాలి. జపాన్ తన షోచూ అనే మద్యం మీద తక్కువ పన్ను, వోడ్కా మీద ఎక్కువ పన్ను వేస్తే 1996లో డబ్ల్యూటీవో అప్పీళ్ల సంఘం తప్పుపట్టింది. అక్కడ గొడవ దిగుమతి సుంకం గురించి కానే కాదు, లోపలి పన్ను గురించి. కాబట్టి ఉత్త ‘సమాన హోదా’ అంటే చదివేవాడు ఈ రెండింటినీ కలిపేస్తాడు. గళ్లనుడి గారి ‘పంక్తిభేదం’ ఇక్కడే పనికొస్తుంది. అది అతిథుల మధ్య తేడా గురించే చెబుతుంది, ఇంటివాళ్ల జోలికి పోదు.

ఎదురుగాలి:
అందరూ పంక్తిభేదం, పంక్తిభేదం అని మురిసిపోతున్నారు గానీ, అదే గాట్‌లో 24వ అధికరణం వేరే బంతి వేసుకోనిస్తుంది. ఇద్దరు ముగ్గురు కలిసి స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం పెట్టుకుంటే తమలో తాము సున్నా సుంకం పెట్టుకోవచ్చు, మిగతావాళ్లకు ఇవ్వక్కర్లేదు. అభివృద్ధి చెందుతున్న దేశాల సరుకుకు తక్కువ సుంకం వేయడానికి 1979లో ఇంకో వెసులుబాటు ఇచ్చారు. ఇక 2025 ఏప్రిల్‌లో అమెరికా దేశానికో రేటు చొప్పున సుంకాలు ప్రకటించింది. బంతి ఎక్కడుంది, భేదం లేకపోవడం ఎక్కడుంది?

తూకంరాయి:
వేరే బంతికి అనుమతి ఉన్నమాట నిజం. దానికీ షరతు ఉంది. ఆ బంతిలో ‘దాదాపు వాణిజ్యమంతటికీ’ సుంకాలు తీసేయాలి. నచ్చిన ఒకటి రెండు సరుకుల మీద తీసేసి దాన్ని స్వేచ్ఛా వాణిజ్యం అనడానికి లేదు. బయట ఉన్నవాళ్లకు సుంకాలు మునుపటికంటే పెంచకూడదు కూడా. ‘దాదాపు’ అంటే ఎంత అని మాత్రం దశాబ్దాలుగా తేల్చలేదు. ఒక్క క్రియావిశేషణం మీద ఇన్ని ఒప్పందాలు బతికేస్తున్నాయి.
2025 విషయంలో మీతో వాదించను. నియమం ఉంది కాబట్టే ఉల్లంఘన అంటున్నాం. దాన్ని తేల్చాల్సిన అప్పీళ్ల సంఘంలో 2019 డిసెంబర్ నుంచి తీర్పు చెప్పడానికి చాలినంత మంది సభ్యులే లేరు.

పాతపలక:
మాటల మీద ఒప్పందాలు బతకడం అన్నారు కాబట్టి రెండు ముచ్చట్లు. భాషాభిమానులకు నచ్చుతాయని చెబుతున్నా.

20వ శతాబ్ది తొలి ఏళ్లలో జర్మనీకి స్విట్జర్లాండ్ పశువుల మీద సుంకం తగ్గించాల్సి వచ్చింది. తగ్గిస్తే ఈ ‘అత్యంత అనుకూల’ షరతు వల్ల మిగతా దేశాల పశువులకూ తగ్గించాలి. అది ఇష్టం లేదు. అలాగని దేశం పేరు రాస్తే దొరికిపోతారు. అందుకని పశువును వర్ణించారు: మచ్చల పర్వత జాతిదో, గోధుమ రంగుదో అయి ఉండాలి, సముద్ర మట్టానికి కనీసం 300 మీటర్ల ఎత్తున పెరిగి ఉండాలి, ఏటా కనీసం ఒక నెల 800 మీటర్ల ఎత్తున మేసి ఉండాలి. ఇక ఏ పల్లపు దేశం ఆవు ఆ కొండెక్కుతుంది చెప్పండి! స్విస్ అన్న మాట ఒక్కచోటా రాయకుండా స్విస్ ఆవును పట్టేశారు. వర్ణనలో ప్రబంధ కవులు కూడా ఇంత పొదుపు చూపలేదు.

రెండోది కాఫీ. స్పెయిన్ వేయించని కాఫీ గింజల్ని రకాలుగా విడగొట్టింది. కొన్ని మృదు రకాలకు సుంకం లేదు. కడగని అరబికాకూ, రోబస్టాకూ 7 శాతం. బ్రెజిల్ పంపేది ఎక్కువగా కడగని అరబికాయే. బ్రెజిల్ ఫిర్యాదు చేసింది. 1981లో గాట్ నిపుణుల బృందం, కాఫీ తాగేవాడికి ఇవన్నీ కాఫీయే, చాలావరకు కలిపే అమ్ముతారు కూడా, కాబట్టి ఇవి ‘అలాంటి సరుకు’లే అని తేల్చింది. స్పెయిన్ ఓడిపోయింది.

అనువాదిని గారూ, మీరు ‘అత్యంత’ దగ్గర ఆగారు. నన్నడిగితే ఆ అధికరణంలో అసలు కష్టమైన మాట ‘అలాంటి’.

గళ్లనుడి:
ఆవు కొండెక్కిందా లేదా అని ధ్రువపత్రం ఎవరిచ్చేవారో 😄

కొత్తచిగురు:
నేను డిగ్రీ విద్యార్థిని. ఒక చిన్న సందేహం, నవ్వకండి. సుంకాల గొడవ సరే, అన్నీ తామే చేసుకోగల దేశాలు కూడా ఎందుకు కొనుక్కుంటాయి? మా పుస్తకంలో ‘తులనాత్మక ప్రయోజనం’ అని ఉంది. ‘ఏ దేశం ఏది బాగా చేస్తే అది చేయాలి’ అని మా లెక్చరర్ చెప్పారు. అన్నిట్లోనూ వెనకబడ్డ దేశం ఏం చేయాలి మరి?

తూకంరాయి:
నవ్వడం దేనికమ్మా, ఇది కూడా పోలికలో వచ్చిన చిక్కే. ‘తులనాత్మక’ అనగానే మనం దేశాన్ని దేశంతో తూస్తాం. ఈ సిద్ధాంతం చెప్పిన ఆర్థికవేత్త రికార్డో 1817లో తూచింది అలా కాదు. ఆయన లెక్కలో ఒక ఏడాదికి కావలసిన బట్ట నేయడానికి ఇంగ్లండ్‌లో 100 మంది, పోర్చుగల్‌లో 90 మంది కావాలి. ద్రాక్షసారాయికి ఇంగ్లండ్‌లో 120 మంది, పోర్చుగల్‌లో 80 మంది. రెండింటిలోనూ పోర్చుగల్‌దే పైచేయి. మీ లెక్చరర్ గారి సూత్రం ప్రకారం ఇంగ్లండ్ చేతులు ముడుచుకు కూర్చోవాలి.
ఇప్పుడు ఒక్కో దేశంలోనే సరుకును సరుకుతో తూచండి. ఇంగ్లండ్ సారాయి తానే చేసుకుంటే 120 మంది శ్రమ పోతుంది. 100 మందితో బట్ట నేసి, ఇచ్చిపుచ్చుకుంటే 20 మంది మిగులుతారు. పోర్చుగల్ బట్ట తానే నేస్తే 90 మంది, 80 మందితో సారాయి చేసి బట్ట తెచ్చుకుంటే 10 మంది మిగులుతారు. ఇద్దరికీ మిగులే. ప్రతి దేశమూ ఒక సరుకు కోసం ఇంకో సరుకును ఎంత వదులుకుంటోంది అన్నదే తూకం. కాబట్టి అన్నిట్లో వెనకబడ్డ దేశానికి కూడా ‘తక్కువ వెనకబడ్డ’ పని ఒకటి ఉంటుంది.
ఆ మిగిలిన 20 మందికి వెంటనే వేరే పని దొరుకుతుందా అన్నది లెక్కలో లేదు. సుంకాల గొడవలన్నీ అక్కడినుంచే మొదలవుతాయి.

ఎదురుగాలి:
ఆ చివరి మాట పుస్తకాల్లో పెద్దక్షరాలతో వేయాలి.

రేవుగాలి:
అనువాదిని గారికి ఇంకో హెచ్చరిక. ‘రాయితీ’. దేశాలు బేరాల్లో సుంకం తగ్గిస్తామని మాటివ్వడాన్ని గాట్ భాషలో ‘కన్సెషన్’ అంటారు, తెలుగులో రాయితీ అని రాస్తారు. సబ్సిడీని కూడా పత్రికల్లో రాయితీ అనే రాస్తారు. ఒక అనువాదంలో “సభ్యదేశాలు రాయితీలు ఇవ్వాలి” అని ఒక పేరాలోనూ, “ఎగుమతులకు రాయితీలు ఇవ్వరాదు” అని తర్వాతి పేరాలోనూ చూశాను. రెండూ నిజమే! ఒకటి సుంకం తగ్గింపు, ఇంకోటి సబ్సిడీ. దయచేసి ఒకదానికి ‘సుంకం తగ్గింపు హామీ’ అనండి, రెండోదాన్ని సబ్సిడీ అనే వదిలేయండి. అందరికీ తెలిసిన మాటే.
తన ప్రజలకు సరుకు చవగ్గా దొరికేలా చేయడాన్ని ఎదుటివాడికి ఇచ్చే ‘రాయితీ’ అనుకోవడం ఎలాంటి బేరమో, అది వేరే చర్చ.

అనువాదిని:
అందరికీ ధన్యవాదాలు. నేను చేయబోయేది ఇది. మొదటిసారి వచ్చినచోట ‘అత్యంత అనుకూల దేశం’ అనే రాస్తాను, ఆ పేరుతోనే వెతుకుతారు కాబట్టి. వెంటనే ఒక వాక్యం: ‘పేరుకు అత్యంత అనుకూలమే గానీ, దీని అర్థం బయటి దేశాల మధ్య పంక్తిభేదం చూపకపోవడం.’ ఆ తర్వాత పాఠమంతటా ‘నిర్భేద హోదా’. రాయితీ అన్న మాట పూర్తిగా తీసేస్తున్నాను. ‘అలాంటి సరుకు’ను ‘సదృశ వస్తువు’ అని రాసుకున్నాను, ఇప్పుడు కొట్టేసి ‘ఒకేలాంటి సరుకు’ అంటాను.

పాతపలక:
‘ఒకేలాంటి’ వద్దమ్మా. ‘ఒకే’ అనేసరికి స్పెయిన్ గెలిచేస్తుంది. ‘అలాంటి’ అనే ఉంచండి.